వాల్వు రేడియో వీరాభిమానులు: వారెవరు? వారి వయస్సెంత?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఎప్పుడో ఒకప్పుడు గరాజ్ సేల్‌కు వెళ్ళనివారు అరుదు. పిల్లల సైకిళ్ళు, వంటపాత్రలు, పాత పుస్తకాల నడుమ ఒక్కొక్కసారి బూడిద రంగు ఇనుప పెట్టె ఒకటి దర్శనమిస్తుంది. ముందు భాగాన పెద్ద పెద్ద గుండ్రని మరలు, అంకెలతో నిండిన ఫలకం. మూత ఎత్తి చూస్తే వరుసగా నిలబడిన గాజు బుడ్లు. ఇద్దరు పట్టుకుంటే తప్ప నేల నుంచి లేవదు. “ఇదేమి యంత్రం?” అని అడిగితే ఇంటివారు తరచుగా ఇచ్చే సమాధానం ఒకటే: “మా నాన్నగారిది. ఆయన హామ్.”

హామ్ అంటే ప్రభుత్వం వద్ద పరీక్ష రాసి, అనుమతి పొంది, ధనార్జన కోసం గాక కేవలం అభిరుచి కోసం తన ఇంటి నుంచి రేడియో ప్రసారాలు జరిపే వ్యక్తి. అమెరికాలో ఇటువంటి అనుమతి పొందినవారు నేడు ఏడు లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో అధిక సంఖ్యాకులు అరచేతిలో ఇమిడే ఆధునిక పరికరాలతోను, కంప్యూటర్లతోను పని జరుపుకుంటారు. కాని ఒక చిన్న వర్గం మాత్రం అర్ధశతాబ్దం, అంతకు మించి వయస్సు గల వాల్వు యంత్రాలను శుభ్రపరచి, మరమ్మతు చేసి, వాటితోనే దేశదేశాల వారితో మాట్లాడుతుంది. ఈ బరువైన యంత్రాలకు వారు ముద్దుగా పెట్టుకున్న పేరు “పడవ లంగరు”. ఈ లంగరులను కాపాడుతున్న మనుషులెవరు, ఏ వృత్తుల నుంచి వచ్చారు, వారి వయస్సులేమిటి, వారి తరువాత ఈ విద్య ఏమి కానున్నది అన్న విషయాలను ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రాన్ని బట్టి మనిషి వయస్సు

భూగర్భ శాస్త్రజ్ఞుడు రాతి పొరలో దొరికిన శిలాజాన్ని చూసి ఆ పొర ఏ యుగానిదో చెప్పగలడు. పాత రేడియో అభిమానుల విషయంలోనూ ఇటువంటి సూత్రమొకటి చాలావరకు పనిచేస్తుంది. అతని బల్ల మీద అత్యంత గౌరవస్థానంలో ఉన్న యంత్రం ఏ సంవత్సరంలో తయారైనదో చూడండి. ఆ సంవత్సరంలో అతనికి పన్నెండు నుంచి పదహారేళ్ళ మధ్య వయస్సు ఉండి ఉంటుంది. ఎందుకంటే మనిషి తన కౌమారంలో అద్దాల కిటికీ వెలుపల నిలబడి చూసి, కొనలేకపోయిన వస్తువునే జీవితాంతం కోరుకుంటాడు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు తీరిన తరువాత ఆ వస్తువును వెతికి తెచ్చుకుంటాడు. మన వాళ్ళలో కొందరు చిన్ననాటి చందమామ సంచికలను ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకోవడంలో ఉన్న ఆర్తియే ఇదీను.

ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే అమెచ్యూర్ రేడియో చరిత్రను కొద్దిగా తిరగవేయాలి. ఈ అభిరుచి ఆది నుంచీ కుర్రవాళ్ళది. 1914లో అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరు హైరమ్ పెర్సీ మాక్సిమ్, అప్పటికే పేరు గడించిన నడివయస్సు ఇంజనీరు. రెండవవాడు క్లారెన్స్ టస్కా, ఇంకా ఇరవై నిండని యువకుడు. 1912 నాటి చట్టం అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకు తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. ఆ తరంగాలు దూర ప్రసారాలకు పనికిరావని అప్పటి నిపుణుల నమ్మకం. ఆ పనికిరాని తరంగాలతోనే 1923 నవంబరులో అమెరికన్ అమెచ్యూర్ ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్సులోని లియోన్ డెలాయ్‌తో అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పరస్పరం సంభాషించాడు. పొట్టి తరంగాల సత్తా లోకానికి తెలియజెప్పినవారిలో ఈ అభిరుచిపరులు ముందు వరుసలో ఉన్నారు.

1925లో అయోవా రాష్ట్రంలోని సీడార్ రాపిడ్స్ నుంచి ఆర్థర్ కాలిన్స్ అనే పదిహేనేళ్ళ బాలుడు తాను స్వయంగా నిర్మించిన యంత్రంతో ఉత్తర ధ్రువ ప్రాంతంలో పర్యటిస్తున్న మాక్‌మిలన్ బృందంతో సంబంధం పెట్టుకున్నాడు. ఆ బాలుడే 1933లో కాలిన్స్ రేడియో కంపెనీని స్థాపించాడు. నేటి అభిమానులు కళ్ళకద్దుకునే యంత్రాలలో పెక్కింటికి అదే పుట్టినిల్లు.

నాలుగు తరాలు

నేడున్న పాత రేడియో అభిమానులను స్థూలంగా నాలుగు తరాలుగా విభజించవచ్చును.

మొదటి తరం యుద్ధకాలపు తరం. అమెరికా రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రవేశించిన 1941 డిసెంబరులో ప్రభుత్వం అమెచ్యూర్ ప్రసారాలను నిలిపివేసింది. వేలాది హామ్‌లు సైన్యంలో సంకేత విభాగాలలో చేరారు. రేడియో అంటే ఏమిటో తెలియని మరెందరికో సైన్యమే ఆ విద్య నేర్పింది. 1945 నవంబరులో ప్రసారాలకు తిరిగి అనుమతి లభించేనాటికి, సైన్యం వదిలించుకున్న యంత్రాలు అంగళ్ళలో కారుచౌకగా దొరకసాగాయి. బాంబర్ విమానాలలో వాడిన గ్రాహకాలను ఇంటికి తెచ్చి, వాటి విద్యుత్ సరఫరాను మార్చి, గృహస్థ జీవితంలో వాడుకున్నవారు ఈ తరంవారు. వీరిలో అతి పిన్నవయస్కులు సైతం నేడు నూరేళ్ళను సమీపిస్తున్నారు. వారి యంత్రాలు మిగిలాయి. వారు దాదాపుగా నిష్క్రమించారు.

రెండవ తరం నేటి అభిమానులలో ప్రధానమైనది. 1951లో అమెరికా ప్రభుత్వం “నోవిస్” అనే ప్రారంభ అనుమతిని ప్రవేశపెట్టింది. నిమిషానికి అయిదు మాటల వేగంతో మోర్స్ సంకేతాలు పంపగలిగి, చిన్న రాతపరీక్షలో నెగ్గితే చాలు. ఏడాదిపాటు 75 వాట్ల లోపు శక్తితో ప్రసారం చేసుకోవచ్చును. ఆ ఏడాదిలోగా పై తరగతి పరీక్ష నెగ్గకపోతే అనుమతి రద్దు. బాలురకు ఇంతకన్న ఉత్సాహకరమైన పందెం మరేముంటుంది? ఇంటింటికీ పత్రికలు వేసి, పచ్చిక కోసి కూడబెట్టిన డబ్బుతో యంత్రాలు కొనుక్కునేవారు. మిషిగన్ రాష్ట్రంలోని హీత్ కంపెనీ విడిభాగాలను, సూచనల పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తపాలాలో పంపేది. పిల్లవాడు సోల్డరింగ్ కాడతో ఒక్కొక్క తీగను అతికి యంత్రాన్ని నిలబెట్టుకోవాలి. 1954లో ఆ సంస్థ అమ్మిన మొట్టమొదటి అమెచ్యూర్ ప్రసారిణి వెల 29 డాలర్ల 50 సెంట్లు. మరుసటి సంవత్సరం వచ్చిన పెద్దన్న వంటి డి.ఎక్స్.-100 వెల 189 డాలర్ల 50 సెంట్లు. బరువు దాదాపు వంద పౌన్లు. ఇక 1950 దశకం చివరలో కాలిన్స్ కంపెనీ తెచ్చిన ఎస్-లైన్ జంట కావాలంటే వెయ్యి డాలర్లకు పైగా కావాలి. అది డాక్టర్లకు, వ్యాపారస్థులకు మాత్రమే అందిన పండు.

1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు అది 20.005 మెగాహెర్ట్జ్ వద్ద పంపిన “బీప్ బీప్” శబ్దాన్ని ఎందరో హామ్ బాలురు తమ పడకగదులలోని గ్రాహకాలలో విన్నారు. ఆ రాత్రి విన్న శబ్దమే తమను ఇంజనీరింగ్ వైపు నడిపించిందని చెప్పుకునేవారు ఈ తరంలో తరచుగా తారసపడతారు. 1955లో పదమూడేళ్ళ బాలుడు నేడు ఎనభై దాటిన వృద్ధుడు.

మూడవ తరం 1960, 70 దశకాలలో అడుగుపెట్టినది. అప్పటికి ఏక పార్శ్వపట్టీ విధానం పాత విధానాన్ని వెనక్కి నెట్టింది. ట్రాన్సిస్టర్లు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వాల్వులను తరిమివేస్తున్నాయి. అయినా ప్రసార శక్తిని అందించే చివరి దశలో వాల్వులు 1980 ప్రాంతం వరకు నిలిచే ఉన్నాయి. ఈ తరంవారు రెండు యుగాల సంధికాలంలో పెరిగినవారు కనుక ఇరువైపులా తెలిసినవారు. హీత్ కంపెనీ 1992లో తన కిట్ల అమ్మకాన్ని ఆపివేసినప్పుడు ఎక్కువగా నొచ్చుకున్నదీ వీరే. వీరి వయస్సు అరవై నుంచి డెబ్బై అయిదు మధ్య.

నాలుగవ తరం మన సూత్రానికి లొంగదు. వీరు వాల్వు యంత్రాలు అంగళ్ళ నుంచి పూర్తిగా మాయమైన తరువాత పుట్టినవారు. చిన్ననాటి కోరిక అనడానికి వీరికి అటువంటి కోరికే లేదు. గిటారు వాయించేవారు తమ యాంప్లిఫయర్ల ద్వారా వాల్వులను తెలుసుకున్నారు; సంగీతప్రియులు ధ్వని నాణ్యత కోసం వచ్చారు; తాతగారు పోయాక ఇంటికి వచ్చిన పెట్టెను తెరచి చూసి వచ్చినవారున్నారు. రోజంతా తెర ముందు కూర్చుని కంటికి కనబడని ప్రోగ్రాములతో కుస్తీ పట్టే యువ ఇంజనీర్లు కొందరు, ప్రతి భాగమూ కంటికి కనబడే, చేతికి అందే యంత్రం కోసం వచ్చారు. వీరి సంఖ్య తక్కువ. కాని ఈ విద్య నిలవాలంటే వీరి మీదనే ఆధారపడాలి.

అన్ని వృత్తులవారూ ఒకే తీగ మీద

ఈ అభిమానుల వృత్తులను పరిశీలిస్తే కొన్ని ఆశ్చర్యకరమైన విషయాలు కనబడతాయి. ఎలక్ట్రికల్ ఇంజనీర్లు ఉండటం సహజమే. కాని టెలిఫోన్ సంస్థలో స్తంభాలెక్కిన పనివారు, రైల్వే తంతి గుమాస్తాలు, నౌకలలో పనిచేసిన రేడియో ఆపరేటర్లు, లేతు యంత్రం మీద పనిచేసిన కార్మికులు, పాఠశాల ఉపాధ్యాయులు, చర్చి పాస్టర్లు, దంతవైద్యులు, రైతులు కూడా వీరిలో ఉన్నారు. గాలిలో ఎవరి హోదా ఎవరికీ కనబడదు. ఒకరినొకరు పిలుచుకునేది ప్రభుత్వమిచ్చిన సంకేతనామంతోను, మొదటి పేరుతోను మాత్రమే. ప్రొఫెసరుగారికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం నేర్పినవాడు మిల్లు కార్మికుడు కావచ్చును.

చూపులేనివారికి ఈ అభిరుచి ప్రత్యేకంగా అనువైనది. చెవితో వినడం, వేళ్ళతో మరలు తిప్పడం ప్రధానమైన విద్యలో వారు ఎవరికీ తీసిపోరు. పాత యంత్రాల మరలు పెద్దవి, వాటి స్థానాలు స్థిరమైనవి. నేటి యంత్రాల వలె తెర మీది అక్షరాలను చదవవలసిన పని లేదు.

ప్రసార కేంద్రాలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీర్లది మరొక ముఖ్యమైన వర్గం. అమెరికాలో మధ్య తరంగ ప్రసారాలు 1,700 కిలోహెర్ట్జ్ వద్ద ముగుస్తాయి. అమెచ్యూర్లకు కేటాయించిన 160 మీటర్ల పట్టీ 1,800 వద్ద మొదలవుతుంది. అంటే ఇరుగుపొరుగు. ప్రసార కేంద్రం వదిలించుకున్న బీరువా వంటి ప్రసారిణిని కొద్దిపాటి మార్పులతో అమెచ్యూర్ పట్టీకి తెచ్చుకోవచ్చును. తాము ముప్పై ఏళ్ళు కాపలా కాసిన యంత్రాన్నే ఇంటికి తెచ్చుకున్నవారు ఉన్నారంటే వారి అనుబంధాన్ని ఊహించుకోవచ్చును.

స్త్రీల సంఖ్య మొదటి నుంచీ తక్కువే. అయినా 1939లోనే యంగ్ లేడీస్ రేడియో లీగ్ అనే మహిళా హామ్‌ల సంఘం ఏర్పడింది. నల్లజాతివారు, మనబోటి వలస కుటుంబాలవారు కూడా ఆనాడు అరుదు. 1950 దశకపు పత్రికలలోని ప్రకటనలను చూస్తే అన్నింటిలోను ఒకే రకమైన తెల్లజాతి కుర్రవాడు, వెనుక నిలబడిన తండ్రి. ఈ చరిత్రను దాచవలసిన పని లేదు. అభిమానుల సగటు వయస్సు పెరుగుతూ ఉండటానికి ఇదీ ఒక కారణమే: తలుపు సగమే తెరచి ఉంచినందువల్ల తరువాతి తరాలలోని ప్రతిభ చాలావరకు వెలుపలనే ఉండిపోయింది.

ఈ బాల్య వ్యసనం ఎక్కడికి తీసుకుపోగలదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. కాన్సాస్ రాష్ట్రంలో జాక్ కిల్బీ ఉన్నత పాఠశాలలో చదువుతుండగా మంచు తుఫాను వచ్చి విద్యుత్తు, టెలిఫోను తీగలు తెగిపడ్డాయి. విద్యుత్ సంస్థను నడుపుతున్న అతని తండ్రి అమెచ్యూర్ రేడియోల సాయంతో తన వినియోగదారుల యోగక్షేమాలు తెలుసుకున్నాడు. అది చూసి రేడియోపై ఆసక్తి పెంచుకున్న కిల్బీ 1958లో సమీకృత వలయాన్ని నిర్మించి, 2000లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. జంట పల్సార్‌ను కనుగొని 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన జోసెఫ్ టేలర్ కూడా బాల్యం నుంచి హామ్. ఆయన సహరచయితగా 2017లో వెలువడిన ఎఫ్.టి.8 అనే డిజిటల్ విధానం నేడు హామ్ ప్రపంచంలో అత్యధికంగా వాడబడుతున్న వాటిలో ఒకటి. వాల్వు యుగంలో పెరిగిన మనిషే వాల్వులకు దూరమైన విధానాన్ని సృష్టించడం గమనార్హం.

పాత విధానంలో మాధుర్యమేమిటి?

పాఠకులకు ఇక్కడొక సందేహం కలగవచ్చును. కొత్త యంత్రాలు చిన్నవి, చౌకైనవి, సమర్థమైనవి కదా, ఈ ఇనుప పెట్టెలతో తంటాలెందుకు?

సమర్థత విషయంలో ఈ సందేహం న్యాయమైనదే. వెనుకటి ప్రసారాలలో వాహక తరంగమనేది ఒకటి ఎడతెగక వెలువడుతూ ఉంటుంది. మాట దానికి ఇరుప్రక్కల రెండు పార్శ్వపట్టీలుగా చేరుతుంది. పూర్తిస్థాయిలో మాడ్యులేషన్ జరిగినప్పుడు కూడా మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు వాహక తరంగానికే పోతుంది. ఒక్కొక్క పార్శ్వపట్టీకి దక్కేది ఆరవ వంతు. ఆ రెండింటిలోను ఉన్నది ఒకే మాట. అందువల్ల వాహకాన్ని, ఒక పట్టీని తీసివేసి మిగిలిన పట్టీని మాత్రమే పంపే విధానం 1960 దశకంలో విజయం సాధించింది.

కాని వినికిడిలో తేడా ఉంది. పాత విధానంలో వాహక తరంగం చేరగానే గ్రాహకంలోని గరగర శబ్దం అణగి, గదిలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్లు మాట నిండుగా వినబడుతుంది. రాత్రివేళ 3,885 కిలోహెర్ట్జ్ చుట్టుప్రక్కల వింటే నేటికీ ఈ అభిమానుల గోష్ఠులు వినవచ్చును. తొందర ఉండదు. ఒకరు అయిదు నిమిషాలు మాట్లాడితే మిగిలినవారు ఓపికగా వింటారు. మన ఊళ్ళ రచ్చబండ స్వభావమే అది.

పండుగలూ ఉన్నాయి. జనవరి 1వ తేదీన మోర్స్ సంకేతాలను చేతితో కొట్టే పాత మీటలతోనే పంపుకునే వేడుక ఒకటి. 1952లో ఏర్పడిన యాంటిక్ వైర్‌లెస్ అసోసియేషన్ నిర్వహించే ఒక కార్యక్రమంలో 1929 నాటి పద్ధతులతో, ఆనాడు లభ్యమైన వాల్వులతో నిర్మించిన ప్రసారిణులనే వాడాలి. ఆ సంఘం న్యూయార్క్ రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో చక్కటి మ్యూజియంను నడుపుతున్నది. బ్రిటన్‌లోనూ పాత, సైనిక రేడియోలకు ప్రత్యేకించిన హామ్ సంఘమున్నది.

ఇనుప పెట్టెలో రసాయన శాస్త్రం

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. నన్ను ఈ యంత్రాల వైపు ఆకర్షించినది విద్యుత్తు కాదు, వాటిలో దాగి ఉన్న రసాయన శాస్త్రం.

వాల్వు గాజు లోపలి భాగాన అద్దంలా మెరిసే వెండి రంగు మచ్చ మీలో కొందరు చూసే ఉంటారు. అది చాలావరకు బేరియం లోహం. వాల్వులో మిగిలిపోయిన కొద్దిపాటి వాయువులను పట్టి బంధించడం దాని పని. గాజు పగిలి గాలి చొరబడితే బేరియం ఆక్సీకరణం చెంది మచ్చ పాల వలె తెల్లబడుతుంది. ఏ పరీక్షాయంత్రమూ అవసరం లేకుండానే వాల్వు మరణించినదని చెప్పవచ్చును. లోపలి కాథోడు మీద బేరియం, స్ట్రాంషియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లను తేలికగా వదిలే ఆ పూత క్షీణించిన కొద్దీ వాల్వు ముసలిదవుతుంది.

పెట్టె అడుగున మైనం పూసిన కాగితపు కెపాసిటర్లుంటాయి. ఏళ్ళ తరబడి తేమను పీల్చి అవి విద్యుత్తును కారనిస్తాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో అల్యూమినియం రేకు మీద ఏర్పడిన అతి పలుచని ఆక్సైడ్ పొరయే రక్షణ కవచం. యంత్రాన్ని ఇరవై ఏళ్ళు మూలన పడవేస్తే ఆ పొర బలహీనపడుతుంది. లోపలి ద్రావణం ఎండిపోతుంది. అటువంటి యంత్రాన్ని ఉన్నపళంగా గోడకు తగిలించి మీట నొక్కితే పొగ రావడం ఖాయం. అనుభవజ్ఞులు ముందు అనుమానాస్పదమైన భాగాలను మార్చి, తరువాత వోల్టేజిని గంటల తరబడి కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. ఉపవాసమున్నవాడికి ముందు గంజి, తరువాత అన్నం పెట్టినట్లు.

ప్రమాదాలు లేకపోలేదు. సెలీనియం రెక్టిఫయర్ కాలిపోతే కుళ్ళిన వాసనతో విషవాయువులు వెలువడతాయి. వెలిగినప్పుడు నీలికాంతితో మనోహరంగా ఉండే కొన్ని రెక్టిఫయర్ వాల్వులలో పాదరసం ఉంటుంది. అమెరికా 1979లో నిషేధించిన పి.సి.బి. నూనెలు అంతకు పూర్వపు కొన్ని పెద్ద కెపాసిటర్లలో ఉన్నాయి. అన్నింటికన్న ముఖ్యమైనది, పెద్ద ప్రసారిణులలో వేల వోల్టులు ఉంటాయి. తీగ ఊడదీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. ఒక చేతిని జేబులో పెట్టుకుని రెండవ చేతితోనే పని చేయాలన్నది వారి పెద్దల మాట. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండె మీదుగా ప్రవహిస్తుంది. కనుక గరాజ్ సేల్‌లో దొరికిన పెట్టెను పిల్లలు తెరవడానికి ముందు తెలిసిన పెద్దవారొకరు దగ్గర ఉండటం తప్పనిసరి.

మూగబోయిన మీటలు

మరణించిన హామ్‌ను ఆ సమాజంలో “మూగబోయిన మీట” అనే అర్థం వచ్చే మాటతో స్మరిస్తారు. నేటి రోజులలో ఆ మాట తరచుగా వినబడుతున్నది.

మా ప్రయోగశాలలో గాజు పరికరాలు ఊది తయారుచేసే వృద్ధ నిపుణుడొకరు ఉండేవారు. కళాశాల మెట్లెక్కనివారు, కాని శూన్యాన్ని గురించి, గాజుకు లోహాన్ని అతికే విద్యను గురించి మాలాంటి డాక్టరేటులకు పాఠం చెప్పేవారు. 1950 దశకంలో నోవిస్‌గా ప్రవేశించినవారు. ఆయన మరణించిన కొన్ని నెలలకు ఆయన భార్య నన్ను పిలిచి నేలమాళిగను చూపించారు. గోడ పొడవునా యంత్రాలు. కొన్నింటి మీద ఆయన చేతిరాతతో చీటీలు: ఏ భాగం మార్చారు, ఏ తేదీన, దేనితో. మిగిలిన వాటి మీద ఏమీ లేదు. చీటీలున్న యంత్రాలను ఒక అభిమానుల సంఘంవారు వచ్చి కళ్ళకద్దుకుని తీసుకుపోయారు. చీటీలు లేనివాటిని చూసి వారు కూడా తటపటాయించారు. వాటిలో కొన్ని చివరకు పాత ఇనుములోకి వెళ్ళాయి. యంత్రాల మధ్య తేడా నాణ్యతలో లేదు. ఒక అరఠావు కాగితంలో ఉంది.

అసలు నష్టం ఇనుముది కాదు. సూచనల పుస్తకాలు నేడు అందరికీ లభ్యమవుతున్నాయి. వాల్వులు కూడా ఇంకా దొరుకుతున్నాయి. దొరకనిది చేతిలోని విద్య. ఏ శబ్దం ఏ లోపానికి సూచన, ఏ మరను ఎంత బిగువుగా తిప్పాలి, ఏ వాసన వస్తే వెంటనే మీట ఆపాలి అన్నవి పుస్తకాలలో లేవు. సంగీతం వలె, వంట వలె, అది ప్రక్కన కూర్చుని నేర్చుకోవలసిన విద్య. రెండవ తరంవారు ఎనభైలలో ఉన్నారు. వారి ప్రక్కన కూర్చునే అవకాశం మరి కొద్ది సంవత్సరాలే.

మనకేమి సంబంధం?

ఇది అమెరికన్ల అభిరుచి, మనకెందుకు అని అనుకోనక్కరలేదు. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనప్పటి నుంచి మన తాతల తరానికి వాల్వు రేడియో ఇంటి పెద్దలలో ఒకటి. మీట నొక్కిన తరువాత వాల్వులు వేడెక్కే దాకా ఓపిగ్గా కాచుకుని వార్తలు, నాటకాలు విన్న తరమది. రేడియోకు పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు రుసుము కట్టిన రోజులవి.

భారతదేశంలో హామ్‌ల చరిత్ర 1920 దశకం ఆరంభం నుంచే ఉన్నది. విదేశీ యంత్రాల దిగుమతి కష్టమైన రోజులలో మన హామ్‌లు యుద్ధకాలపు మిగులు భాగాలతో స్వయంగా యంత్రాలు నిర్మించుకున్నారు. అమెరికాలో నేడు అభిరుచిగా సాగుతున్నది అక్కడ అవసరంగా సాగింది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో హామ్ ప్రసారాల కోసం అండమాన్ దీవులకు వెళ్ళి ఉండగా సునామీ విరుచుకుపడింది. మామూలు సమాచార మార్గాలు తెగిపోయిన ఆ దినాలలో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆమె, ఆమె సహచరులు హామ్ రేడియో ద్వారా అందించిన క్షేమ సమాచారం ఎన్నో కుటుంబాలకు ఊరట కలిగించింది.

ఇక అమెరికాలోని మన పిల్లల విషయం. ఇక్కడ హామ్ అనుమతికి పౌరసత్వం అవసరం లేదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులు కానివారెవరైనా పరీక్ష రాయవచ్చును. కనీస వయోపరిమితి లేదు. మొదటి మెట్టయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు. 26 సరిగా రాస్తే ఉత్తీర్ణులు. 2007 ఫిబ్రవరి నుంచి ఏ తరగతికీ మోర్స్ పరీక్ష లేదు. అనుమతి వచ్చిన తరువాత స్థానిక హామ్ క్లబ్బు సమావేశానికి ఒకసారి వెళ్ళి చూడండి. తల నెరిసినవారే అధికంగా కనబడతారు. పదమూడేళ్ళ తెలుగు అమ్మాయి ఒకతె తలుపు తోసుకుని లోపలికి వచ్చి, “తాతగారూ, ఇది ఎలా పనిచేస్తుంది?” అని అడిగితే వారిలో ఎంతమంది తమ కుర్చీని జరిపి చోటిస్తారో మీరే చూస్తారు.

గురువులు ఉన్నారు, ప్రశ్న అడిగే శిష్యులు కరవయ్యారు. మన సంప్రదాయంలో విద్య అడిగినవారికే లభిస్తుంది. అడగడానికి ఇదే తగిన సమయం. పిల్లలతో వెళ్ళే తల్లిదండ్రులు ఒక చిన్న పుస్తకం, పెన్సిలు వెంట తీసుకువెళ్ళాలని నా మనవి. ఆ పెద్దలు చెప్పినవి రాసి పెట్టండి. ఏ యంత్రం మీద చీటీ లేదో అడిగి, వారి చేతనే ఒకటి రాయించండి.